యజమానికి ఒక న్యాయం, ఆటగానికి ఒక న్యాయమా?

మన దేశంలో క్రికెట్ వ్యవహారాలను తెలుసుకోదలచినవారు ఈ రాజధానిలో కోట్లా మైదానానికి పోతే చాలదు. పటియాలా హౌస్ కోర్టుకూ, సుప్రీంకోర్టుకూ కూడ పోవలసి వుంటుంది. 2008లో కంపెనీలు జట్లను వేలంలో కొన్న నాటి నుంచి ఆటలోని తప్పొప్పుల నిర్ణయం మైదానం దాటి న్యాయస్థానాల మెట్లెక్కింది.

ఆ వేలంలో చెన్నై జట్టును ఇండియా సిమెంట్స్ సంస్థ 9 కోట్ల 10 లక్షల డాలర్లకు కొన్నది. ఆ సంస్థ అధిపతి శ్రీ ఎన్.శ్రీనివాసన్ అప్పుడు క్రికెట్ బోర్డు కోశాధికారి. బోర్డు పదవిలో వున్నవారికి ఆటలో వ్యాపార ప్రయోజనం వుండరాదని నిబంధన వున్నది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ నిబంధన నుంచి ఐ.పి.ఎల్.ను మినహాయించారు. 2011లో ఆయన బోర్డు అధ్యక్షుడయ్యారు. జట్టు యజమానీ ఆయనే, జట్లపై విచారణ జరిపించవలసిన సంస్థకు పెద్దా ఆయనే!

2013 మే 16న ఢిల్లీ పోలీసులు స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణపై రాజస్థాన్ జట్టులోని శ్రీశాంత్, చవాన్, చండీలా అనే ముగ్గురు ఆటగాళ్లను అరెస్టు చేశారు. నాలుగు నెలలు తిరగకముందే శ్రీశాంత్, చవాన్‌లపై బోర్డు జీవితకాల నిషేధం విధించింది. అదే మే నెలలో శ్రీనివాసన్ అల్లుడు గురునాథ్ మెయ్యప్పన్ బెట్టింగ్ ఆరోపణపై అరెస్టు అయినారు. ఆ వ్యవహారం తేలడానికి మాత్రం రెండేళ్లకు పైగా పట్టింది. అదీ సుప్రీంకోర్టు కల్పించుకొన్న మీదటనే.

2015 జనవరి 22న కోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. శ్రీనివాసన్ తప్పును కప్పిపుచ్చారన్న ఆరోపణ రుజువు కాలేదని కూడ చెప్పింది. జూలై 14న జస్టిస్ లోధా సంఘం మెయ్యప్పన్‌ను, రాజస్థాన్ జట్టు భాగస్వామి రాజ్ కుంద్రాను క్రికెట్ నుంచి జీవితాంతం బహిష్కరించి, రెండు జట్లనూ రెండేళ్లపాటు నిలిపివేసింది. 2018లో తిరిగి వచ్చిన చెన్నై జట్టు ఆ ఏడే విజేత అయినది.

శ్రీశాంత్ కథ అంత సులువుగా ముగియలేదు. 2015 జూలైలో పటియాలా హౌస్ కోర్టు ఆటగాళ్లను కేసు నుంచి విముక్తులను చేసింది. నిషేధం మాత్రం తొలగలేదు. శిక్షించే అధికారం బోర్డుకు వున్నదనీ, అయితే జీవితకాల శిక్షను పునరాలోచించాలనీ 2019 మార్చి 15న సుప్రీంకోర్టు ఆదేశించింది. శిక్ష ఏడేళ్లకు తగ్గి, 2020 సెప్టెంబరులో ముగిసింది. నిషేధం పడిననాడు ఆయనకు 30 ఏళ్లు, తొలగిననాడు 37. జట్టు రెండేళ్ల తరువాత తిరిగి రాగలదు. ఫాస్ట్ బౌలర్ భుజం ఏడేళ్ల తరువాత తిరిగి రాదు. తప్పుచేసినవాడిని వదలిపెట్టమని నేను అనడం లేదు. తూచే తక్కెడ ఒక్కటిగా వుండాలని మాత్రమే అంటున్నాను.

కంపెనీ జట్ల వ్యాపారంలో మనకంటె ముందు పుట్టిన అమెరికా బాస్కెట్‌బాల్‌ను చూడండి. 1997 డిసెంబరులో లాట్రెల్ స్ప్రూయెల్ అనే ఆటగాడు అభ్యాస సమయంలో తన శిక్షకుని గొంతు పట్టుకొన్నాడు. జట్టు ఒప్పందాన్ని రద్దుచేసింది. లీగ్ ఏడాది బహిష్కరించింది. ఆటగాళ్ల సంఘం అండగా నిలువగా, వివాదం బయటి మధ్యవర్తి వద్దకు పోయింది. మూడు నెలలలోనే తీర్పు వచ్చింది: ఒప్పందం నిలిచింది, శిక్ష ఆ సీజన్ వరకు తగ్గింది. అంత ఘోరమైన తప్పుచేసినవానికీ వినిపించుకొనే చోటు ఒకటి దొరికింది.

అక్కడ యజమానులకూ మినహాయింపు లేకపోయింది. 2014 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్ యజమాని డొనాల్డ్ స్టెర్లింగ్ నల్లజాతివారిని గురించి అన్న మాటలు బయటపడినవి. ఆటగాళ్లు చొక్కాలు తిరగవేసి నిరసన తెలిపారు. కొద్ది రోజులలోనే లీగ్ ఆయనకు 25 లక్షల డాలర్ల జరిమానా, జీవితకాల బహిష్కరణ విధించింది. ఆ వేసవిలోనే జట్టు 200 కోట్ల డాలర్లకు చేతులు మారింది. ఆయనకు డబ్బు దక్కింది నిజమే. పెత్తనం మాత్రం పోయింది.

మనవారికి లేనిది అటువంటి సంఘమే. 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం విశ్రాంత ఆటగాళ్లదే. ఆడుతున్నవాడు ఒంటరి. యజమాని ఆర్థికంగా చితికినా ఆ ఒంటరితనం తెలిసివస్తుంది. 2009లో విజేత అయిన హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్‌ను 2012లో బోర్డు రద్దుచేసిన సంగతి మన పాఠకులకు గుర్తుండే వుంటుంది. ఆ తగవు బోర్డుకూ యజమానికీ నడుమ సాగినది. ఆటగాళ్లు అందులో కక్షిదారులు కూడ కారు.

2014 నుంచి కబడ్డీలోనూ కంపెనీ జట్లు వచ్చినవి. పల్లెల నుంచి వచ్చే యువకులు ఒప్పందాలపై సంతకాలు చేస్తున్నారు. శ్రీశాంత్ వలె సుప్రీంకోర్టు వరకు పోగల స్తోమత వారిలో ఎందరికి వుంటుంది? ప్రతి లీగ్‌లోనూ యజమానులకు సంబంధంలేని మధ్యవర్తినీ, ఆడుతున్నవారి సంఘానికి గుర్తింపునూ ఒప్పందంలోనే చేర్చాలి. ఇందుకు మరొక కుంభకోణం వరకు ఆగవలసిన అవసరం లేదు.