జిడ్డు ముఖానికి మన చేలో మొక్కలు: ఏవి పనికొస్తాయి, ఏవి ఎండలో హాని చేస్తాయి

పై వీడియోలో సున్నిపిండి ఆడించి జల్లించడం చూపించాను. "జిడ్డు తగ్గడానికి ఇంకేం కలపాలి, నిమ్మరసం రాయొచ్చా, ప్యాకెట్లు కట్టి అమ్ముకోవచ్చా" అని ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. వీడియోలో చెప్పడానికి టైం సరిపోనివన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు జిడ్డు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. చర్మం లోపల, వెంట్రుక మొదళ్ల దగ్గర చిన్న నూనె గ్రంథులు ఉంటాయి. వాటిని నడిపేది ఒంట్లో హార్మోన్లు. అందుకే వయసుకొచ్చే పిల్లల్లో జిడ్డు, మొటిమలు ఎక్కువ. మన డెల్టా ఉక్కలో చెమట కూడా తోడవుతుంది. పైన ఏ పిండి రుద్దినా పైకి వచ్చిన నూనె పోతుందే గానీ, లోపల గ్రంథి పని ఆగదు. గ్రీన్ టీ సారం పూస్తే నూనె కొంత తగ్గినట్టు బయట దేశాల్లో చిన్న చిన్న పరిశోధనల్లో కనిపించింది. ఇంట్లో చేసుకునే పిండికి మాత్రం అంత పని ఆశించకూడదు.

పనికొచ్చేవి

కుంకుడుకాయ: వేపనూనె పిచికారీ చేసేటప్పుడు నూనె నీళ్లలో కలవడానికి కుంకుడు రసం పోస్తాం గదా. అందులోని సపోనిన్లు నూనెను పట్టుకుని నీళ్లలో కలిపేస్తాయి. ముఖం మీద జిడ్డుకీ అదే పని చేస్తాయి. కాకపోతే పిచికారీకి వాడే చిక్కటి రసం ముఖానికి పనికిరాదు. బాగా పలచగా చేసి, కళ్లలో పడకుండా వాడి, వెంటనే కడిగేయాలి.

పెసర: సార్వా కోశాక మాగాణిలో చల్లిన పెసలే చాలు. మెత్తటి పిండి నూనెను పీల్చుకుంటుంది, సబ్బులా చర్మాన్ని బిగదీయదు. కిలో పెసలకి 100 గ్రాముల బియ్యం, 50 గ్రాముల నీడన ఎండిన వేపాకు, 50 గ్రాముల కచ్చూరాలు నేను వాడే కొలత. మరలో ఆడించాక పలచటి గుడ్డలో జల్లించాలి. బరకగా ఉంటే మొటిమలు చితికి మచ్చలు పడతాయి.

వేపాకు: సూక్ష్మజీవులను అదుపు చేసే గుణం ఉంది కాబట్టి, ఆకు మరిగించి చల్లార్చిన నీళ్లతో ముఖం కడుక్కోవచ్చు. వేపనూనె మాత్రం నేరుగా పూయొద్దు.

కలబంద, సరస్వతి ఆకు: ఇవి జిడ్డును తీసేవి కావు. మంట, ఎరుపు తగ్గడానికి పనికొస్తాయి. కలబంద మట్ట కోశాక పచ్చటి సొన పూర్తిగా కారనిచ్చి, లోపలి గుజ్జు మాత్రమే తీసుకోవాలి. ఆ సొన కొందరికి దురద పెడుతుంది.

జాగ్రత్తపడాల్సినవి

నిమ్మ: ఏలూరు మార్కెట్టుకి నిమ్మకాయలు వేసే మన రైతులకి ఇది ముఖ్యం. నిమ్మ తొక్కలో, రసంలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి బొబ్బలు లేస్తాయి. తర్వాత నల్లమచ్చలు నెలల తరబడి ఉంటాయి. రసం పులుపుకి చర్మం మండటం వేరే. ముఖానికి నిమ్మరసం వద్దండి. కాయలు కోసినా, పిండినా చేతులు కడుక్కునే ఎండలోకి వెళ్లాలి.

బావంచాలు: పాతకాలం సున్నిపిండిలో ఇవి కలుపుతారు. వీటిలో సోరలెన్ ఉంటుంది. అది కూడా నిమ్మలో ఉన్న జాతి పదార్థమే, చర్మాన్ని ఎండకు ఓర్చుకోనీయదు. పొద్దంతా చేలో ఉండేవాళ్ల పిండిలో అవి లేకుండా చూసుకోవాలి. బజారులో కొన్నా, ఏం కలిపారో అడగండి.

కొబ్బరినూనె, కోకో వెన్న: రెండూ మన తోటల్లోవే. కొబ్బరిలో, పామాయిల్ తోటల్లో అంతర పంటగా కోకో వేస్తున్నాం. పొడి చర్మానికి ఇవి మంచివే. జిడ్డు ముఖానికి పూస్తే రంధ్రాలు మూసుకుపోయి మొటిమలు పెరుగుతాయి.

ఆకు ఎక్కడ కోస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. మందు కొట్టిన చేను గట్టు మీది సరస్వతి ఆకు, మురుగు కాలువ పక్క మొక్క ముఖానికి వద్దు. నీటిమొక్కలు నీళ్లలోని భారలోహాలను కూడా పీల్చుకుంటాయి. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరుతో పాటు ఊళ్ల మురుగూ దిగుతోంది. పైగా కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సార్ చిత్తడి నేల. అక్కడి మొక్కలు ఇష్టమొచ్చినట్టు పీకకూడదు. పెరట్లో రెండు కుండీలు పెట్టుకుంటే సరిపోతుంది.

కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి. రోజుకి రెండుసార్లకు మించి ముఖం రుద్దొద్దు. తడిపిన పిండి దాచొద్దు, బూజు పడుతుంది.

అమ్మాలనుకుంటే

ఇంట్లో వాడుకోవడం వేరు, అమ్మడం వేరు. సున్నిపిండినైనా ముఖానికి, ఒంటికి అని తయారుచేసి అమ్మితే అది కాస్మెటిక్ కిందకే వస్తుంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి. ప్యాకెట్ మీద "మొటిమలు మాయం" అని రాస్తే మందు అని చెప్పుకున్నట్టే, ఇబ్బంది పడతారు. లైసెన్సు లేనివాళ్లు పెసలు, ఎండు వేపాకు వంటివి ముడిసరుకుగా అమ్ముకోవడం మేలు. రసాయనం లేకుండా పండించామని నమ్మకంగా చెప్పగలిగితే దానికే ధర వస్తుంది.

చివరిగా ఒక మాట. మొటిమలు గడ్డల్లా లేచి నొప్పి పెట్టినా, గుంటలు పడుతున్నా పిండ్లతో నెలలు గడపొద్దు. ఆడపిల్లలకి జిడ్డుతో పాటు నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా అది హార్మోన్ల తేడా అయ్యుండొచ్చు. వెంటనే డాక్టరుకి చూపించండి. పడ్డ గుంటలు తర్వాత ఏ ఆకుతోనూ పూడవు.

మీ ఊళ్లో సున్నిపిండిలో ఏమేం కలుపుతారో వీడియో కింద రాయండి. వాటిలో ఎండకు పడనివి ఏవైనా ఉంటే వచ్చేసారి చెబుతాను.