గుండెలోని గడియారము

కవాట శస్త్రచికిత్స జరిగి ఇల్లు చేరిన రోగి, ఊరంతయు నిదురించిన వేళ, తన రొమ్ములో టిక్కు టిక్కుమను సవ్వడిని వినును. కొందరు బెదరిపోవుదురు. శ్రోతలారా, ఆ సవ్వడి మంచిదే. అది మందగించి బొంగురుపోయిన నాడు మాత్రము వెంటనే ఆసుపత్రికి పోవలెను.

బాల్యమున వచ్చిన గొంతునొప్పిని ఉపేక్షించినచో కొందరు పిల్లలకు కీళ్ళవాపుతో కూడిన జ్వరము తగులును. కీళ్ళు బాగుపడును గాని గుండె కవాటములు మెల్లమెల్లగా ముడుచుకొనిపోవును. ఇరుకు ఇండ్లలో పలువురు కలసి నివసించు చోట్ల, వైద్యుడు దూరముగానుండు పల్లెలలో ఈ వ్యాధి హెచ్చు. చర్ల, దుమ్ముగూడెము అడవి అంచున నున్న వారికి ఈ మాట ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అను వైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరు రూపొందించిన కవాటమును రోగి గుండెలో అమర్చెను. పంజరములో బంతి ఆడునట్లు దాని నిర్మాణము. మన దేశమున తిరువనంతపురములోని శ్రీ చిత్ర సంస్థవారు తయారుచేసిన బిళ్ళ కవాటము 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చబడినది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన పిమ్మట పేదలకును ఈ చికిత్స అందినది.

యంత్ర కవాటము అరుగుట బహు అరుదు. దశాబ్దముల తరబడి పనిచేయును. చిక్కు కవాటముతో కాదు, రక్తముతో. పరాయి వస్తువును తాకిన రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ కవాటమును బిగించివేయవచ్చును, మెదడునకు పోయి పక్షవాతము తేవచ్చును. కావున జీవితాంతము వార్ఫరిన్ వంటి మాత్ర వేసికొనవలెను. 1994లో ప్రకటింపబడిన ఒక సమీక్షను బట్టి, మందు లేనివారిలో ఏటా నూటికి సుమారు నలుగురికి ఇట్టి పెద్ద ఉపద్రవము కలుగగా, మందు వాడినవారిలో అది ఒక్కరికే పరిమితమైనది.

ఈ వార్ఫరిన్ మొదట ఎలుకల మందు! ఆ సంగతి తెలిసి రోగి బంధువులు దిగులుపడుట సహజమే గాని, మోతాదే సర్వము. ఆ మోతాదును ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష తేల్చును. ఆరోగ్యవంతునకు ఆ అంకె 1. మిట్రల్ కవాటము మార్చినవారికి సాధారణముగా 2.5, 3.5 నడుమ ఉండవలెను. తగ్గినచో గడ్డ, పెరిగినచో రక్తస్రావము. అంకె నిలకడగా నున్నను నెలకొకసారి చూపించుకొనుట మంచిది. మిరపకోతల నాళ్ళలో పరీక్షకు పోయినచో ఒక దినపు కూలి పోవును, నిజమే. అయినను పరీక్ష మానినవారు గ్రుడ్డిగా మాత్ర మ్రింగుచున్నట్లే.

గోంగూర, తోటకూర, మునగాకు మందు బలమును తగ్గించునని విని కొందరు ఆకుకూరలే విడిచిపెట్టుదురు. అది అనవసరము. ఒక వారము కుండెడు, మరొక వారము సున్న యన్నదే ప్రమాదము. ఎప్పుడును ఇంచుమించు ఒకే పాళ్ళలో తినవలెను. ఇప్పసారా అంకెను తారుమారు చేయును. జ్వరము వచ్చినపుడు పిరుదుకు సూదిమందు వేయించుకొనరాదు, కండలో రక్తము నిలిచిపోవును. ఒంటినొప్పుల మాత్రలు అడిగి కాని వాడరాదు. పన్ను తీయించుకొనుటకు ముందు, స్త్రీలు గర్భము దాల్చుటకు ముందే, వైద్యునితో చెప్పవలెను. ఈ మందు గర్భస్థ శిశువునకు హాని చేయగలదు. పరీక్ష అక్కరలేని క్రొత్త మాత్రలున్నవని ఎవరైన చెప్పినను మార్చవలదు. డబిగట్రాన్ అను అట్టి మందును యంత్ర కవాటము గలవారిలో వాడి చూడగా గడ్డలును, రక్తస్రావమును హెచ్చినందున ఆ ప్రయోగమును మధ్యలోనే నిలిపివేసిరి.

ఇక గోదావరి మాట. 2022 జూలైలో భద్రాచలమువద్ద నీరు 71 అడుగులు దాటినది. దారులు తెగిన దినములలో మాత్ర తప్పినచో, కవాటము ఎంత గట్టిదైనను రక్తము ఆగదు, గడ్డకట్టుట మానదు. కావున తొలకరికే నెలకు సరిపడు మాత్రలు తెచ్చి, తడి తగులని డబ్బాలో, కడపటి పరీక్ష చీటితో సహా పెట్టుకొని, ఆ డబ్బా ఎక్కడ నున్నదో ఇంటిలో మరియొకరికి చూపి ఉంచవలెను.