ఆ గీత నిజంగా ఐడీఓ1దేనా?

తల్లి కడుపులో ఉన్న బిడ్డ జన్యువుల్లో సగం నాన్నవి. అంటే తల్లి ఇమ్యూన్ సిస్టమ్ లెక్కలో ఆ బిడ్డ సగం పరాయి మనిషే. వేరేవాళ్ల కిడ్నీని ఒప్పుకోని శరీరం, బిడ్డని తొమ్మిది నెలలు ఎలా మోస్తుంది? 1998లో అమెరికాలో డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ బృందానికి ఎలుకల్లో ఒక జవాబు దొరికింది. ఐడీఓ అనే ఎంజైమ్‌ని మందుతో ఆపేస్తే, తండ్రి వేరే రకం ఎలుక అయినప్పుడు పిండాలు నిలవలేదు. తల్లీ తండ్రీ ఒకే రకమైతే ఏమీ కాలేదు.

ఈ ఎంజైమ్ పని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టడం. మన ఒంట్లో అది తయారవదు, పాలు, గుడ్లు, పప్పుల నుంచి రావాల్సిందే. టీ కణాలు పెరగాలంటే అది కావాలి. ఐడీఓ ఉన్నచోట ట్రిప్టోఫాన్ తగ్గిపోయి, కైన్యురెనిన్ పెరుగుతుంది. దాంతో టీ కణాలు డల్ అయిపోతాయి. బిడ్డని కాపాడే ఈ ట్రిక్‌నే చాలా క్యాన్సర్లు తమ కోసం వాడుకుంటాయి.

మరి ఒక కణంలో ఐడీఓ1 ఉందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకే ల్యాబుల్లో యాంటీబాడీ వాడతారు. మనిషి ఐడీఓ1 ముక్కని కుందేలుకో ఎలుకకో ఎక్కిస్తే, దానికి అతుక్కునే యాంటీబాడీలు తయారవుతాయి. వెస్టర్న్ బ్లాట్‌లో కణంలోని ప్రోటీన్లని సైజు ప్రకారం జెల్ మీద విడదీసి, పొర మీదకి ఎక్కించి, యాంటీబాడీ పోస్తారు. ఐడీఓ1లో 403 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 45 కిలోడాల్టన్లు. ఆ చోట గీత కనిపిస్తే దొరికినట్టే.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. యాంటీబాడీ ప్రోటీన్ మొత్తాన్ని చూడదు, చిన్న ముక్కనే గుర్తుపడుతుంది. మనం పెద్ద ఫైల్‌లో నాలుగక్షరాలు సెర్చ్ చేసినట్టన్నమాట, వేరే పదాల్లో కూడా దొరికేయొచ్చు. పైగా దీనికి ఐడీఓ2 అని పోలికలున్న తోబుట్టువు ఒకటి ఉంది.

అందుకే టెస్ట్ కేసులు కావాలి. హీలా కణాల్లో మామూలుగా ఐడీఓ1 దాదాపు ఉండదు, ఇంటర్‌ఫెరాన్ గామా ఇస్తే బాగా వస్తుంది. గీత రెండో దాంట్లోనే రావాలి. ఇంకా గట్టి పరీక్ష ఏంటంటే, ఐడీఓ1 జన్యువునే తీసేసిన కణాలకి ఇంటర్‌ఫెరాన్ ఇవ్వడం. అప్పుడు కూడా గీత వస్తే ఆ యాంటీబాడీ ఇంకేదో పట్టుకుంటోందని అర్థం. బ్లాట్‌లో ప్రోటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది, కణితి ముక్కలో అలా ఉండకపోవచ్చు. కాబట్టి ఒకచోట పాసైంది ఇంకోచోట ఫెయిలవ్వొచ్చు, విడిగా టెస్ట్ చేయాల్సిందే.

ఒక గీత కోసం ఇంత రచ్చ ఎందుకంటారా? ఐడీఓ1ని ఆపే ఎపకాడోస్టాట్ అనే మందుని, ఇంకో ఇమ్యూనోథెరపీ మందుతో కలిపి, ముదిరిన మెలనోమా ఉన్న 706 మంది రోగులతో పరీక్షించారు. అదనపు లాభం లేదని 2018లో తేలింది. ఆ రోగులని ఐడీఓ1 ఎంతుందో చూసి ఎంచుకోలేదు. ఆ మందు పని చేసేవాళ్లు వాళ్లలో కొందరైనా ఉన్నారా అన్న ప్రశ్న అలాగే మిగిలింది. ఈసారి చూసి ఎంచాలంటే ముందు కొలత సరిగ్గా ఉండాలి. కొలిచేది యాంటీబాడీయే అయితే, మందు కంటే ముందు పరీక్ష పాసవ్వాల్సింది అదే.