ముర్రుపాలే బిడ్డకు తొలి టీకా

హోసూరు: ఆవు ఈనితే ముర్రుపాలు చుక్క కూడా వృథా పోనివ్వరు. దూడ తాగగా మిగిలినవి జున్నుకు దాస్తారు. ఇరుగుపొరుగుకూ ఇంత పంపుతారు. అదే ఇంట్లో కోడలికి కాన్పయితే మాత్రం 'మొదటి పాలు మంచివి కావు, పిండి పారబోయ్' అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

డెంకణికోట, తళి, బాగలూరు, వేపనపల్లి వైపు తెలుగు కుటుంబాలకు భాషతో ఇంకో చిక్కు. ఆసుపత్రిలో 'సీంపాల్' పట్టించమంటే అవి మన ముర్రుపాలే. పసుపుపచ్చగా, చిక్కగా, కొద్దికొద్దిగా వస్తాయి. రోగాలతో పోరాడే శక్తి వీటిలో దండిగా ఉంటుంది. అందుకే డాక్టర్లు వీటిని తొలి టీకా అంటారు.

గంటలోపే పట్టాలి

పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 89 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. గంటలోపు తల్లిపాలు అందింది మాత్రం నూటికి 42 మంది పిల్లలకే. సిజేరియన్ అయినా, తల్లికి మెలకువ ఉండి పక్కన ఒకరు సాయం పడితే పాలివ్వొచ్చు. తొలిరోజు బిడ్డ తాగేది చెంచాల లెక్కే. 'పాలు పడలేదు' అని డబ్బాపాలు పడితే బిడ్డ చీకడం తగ్గుతుంది. చీకడం తగ్గితే పాలూ తగ్గుతాయి.

ఆరు నెలలు నీళ్లూ వద్దు

తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీళ్లే. ఎండాకాలంలోనూ బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు. డాక్టరు రాసిన మందు తప్ప చక్కెర నీళ్లు, ఆముదం, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకు రాయనే కూడదు. అందులో ఉండే ఒకరకం క్రిములు పసివాళ్ల నరాలను దెబ్బతీయొచ్చు. తల్లిపాలు తాగే పిల్లల్లో విరేచనాలు, నిమోనియా, చెవిపోటు తక్కువ. ఆరు నెలలు నిండాక రాగి జావ, మెత్తటి పప్పన్నం మొదలుపెట్టి, రెండేళ్లు, ఆపైనా పాలు కొనసాగించొచ్చు.

తల్లికీ మేలే

బిడ్డ పాలు చీకుతుంటే గర్భసంచి ముడుచుకుంటుంది, రక్తం పోవడం తగ్గుతుంది. 30 దేశాల మహిళలపై జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2002లో చూశారు. పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గినట్టు తేలింది. అండాశయ క్యాన్సర్, షుగర్ ముప్పు కూడా తక్కువే. పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు, తిండి తగ్గించడం మాత్రం సరికాదు. దాహమైనప్పుడల్లా తాగాలి, కడుపునిండా తినాలి.

పనికెళ్లే తల్లులకు

హోసూరు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు కాన్పు సెలవే పెద్ద అండ. 2017లో చట్టం సవరించి మొదటి రెండు కాన్పులకు జీతంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలన్నారు. డ్యూటీలో చేరాక పాలు పిండి శుభ్రమైన మూత గిన్నెలో పెట్టి వెళ్లొచ్చు. మామూలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు నిలుస్తాయి. వాటిని కాచకూడదు. గిన్నెను వేడినీళ్లలో ఉంచితే చాలు.

ప్రయాణంలో చాటు కోసం వెతుక్కునే తల్లుల కోసం తమిళనాడు ప్రభుత్వం 2015 ఆగస్టులో బస్టాండ్లలో గదులు తెరిచింది. 'తాయ్‌మార్గళ్ పాలూట్టుం అఱై' అన్న బోర్డుంటే అది పాలిచ్చే తల్లుల గదే.

పాలు చాలుతున్నాయా అన్న అనుమానం అందరికీ వచ్చేదే. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకు మించి ఒంటికి పోస్తూ, బరువు పెరుగుతుంటే చాలుతున్నట్టే. అలా లేకపోతే డబ్బా కొనే ముందు బిడ్డను నర్సుకో, డాక్టరుకో చూపించాలి.