ఆకసము నుండి పచ్చిక కొలత

తార్నాక కూడలి దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఒక వేపచెట్టు క్రింద నిలిచితిమి. ఆకులు పచ్చగా కన్పించినవి. కాని అవి మన కంటికి అందని వెలుగును కూడ వెదజల్లుచున్నవి. రేడియో ముల్లు ఒకచోట నిలిచినపుడు ఒక కేంద్రమే వినబడును. తక్కిన ప్రసారములు గదిలోనే ఉన్నను మనకు అందవు. కన్నును అట్టిదే. రేడియో తరంగములును వెలుగును ఒకే జాతివి గదా!

ఆకులోని పత్రహరితము ఆహారము తయారు చేసికొనుటకై ఎఱ్ఱని వెలుగును పీల్చుకొనును. ఎఱుపునకు ఆవలనున్న పరారుణ కిరణములను ఆకు చాలవరకు వెనుకకు పంపును. ఈ రెంటి వ్యత్యాసమును వాని మొత్తముచే భాగించినచో పచ్చదనపు సూచిక వచ్చును. నూటికి పరారుణము 50 పాళ్లు, ఎఱుపు 10 పాళ్లు తిరిగివచ్చిన, 40ని 60చే భాగింపగా సుమారు 0.67. ఋతువు పొడవునను ఇట్లు కొలిచినచో మొక్కల పెరుగుదల అంచనాకు వచ్చును.

2011 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుండి ఎగసిన రిసోర్స్‌శాట్-2 ఇట్టి కొలతలకై నిర్మింపబడినది. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము ఉపగ్రహముల సంకేతములను షాద్‌నగర్ వద్ద గ్రహించును.

వేపాకునైతే చేతితో తుంచి చూడవచ్చును. లడఖ్‌లో సుమారు 4,500 మీటర్ల ఎత్తుననున్న సో మొరిరి సరస్సు చుట్టునుగల చిత్తడి నేలలన్నిటిని నడచి చూచుట సులభమా? అచ్చట పచ్చిక పెరుగునది స్వల్పమైన వేసవిలోనే. చాంగ్పా కాపరుల మేకలకు, గొఱ్ఱెలకు, జడలబఱ్ఱెలకు అదియే ఆధారము. కనుకనే ఉపగ్రహపు చూపు అక్కఱకు వచ్చుచున్నది.

అయితే ఆ చూపునకు హద్దు కలదు. రిసోర్స్‌శాట్-2లోని లిస్-3 కెమేరాకు నేలపై 23.5 మీటర్ల చదరమే మిక్కిలి చిన్న గడి. సన్నని చిత్తడి పట్టెలో గడ్డి, నీరు, రాయి ఒకే గడిలో కలిసిపోవును. నీరు పరారుణ కిరణములను మ్రింగివేయుటచే దట్టమైన గడ్డియు పలుచగా తోచును. మన కొల్లేటిలో దీనికి విరుద్ధము: గుఱ్ఱపుడెక్క క్రమ్మినచో సూచిక పెరుగును. కాని అది సరస్సునకు సంపద కాదు, తెగులు.

కావున పరిశోధకులు నేలపై మీటరు చదరపు చట్రమునుంచి, అందలి గడ్డిని కోసి, ఆరబెట్టి, తూచి, ఆ బరువును సూచికతో సరిపోల్చుదురు. ఆకసపు లెక్కకు నేలమీది త్రాసే సాక్షి. ఆ సాక్ష్యము లేని అంకెను నమ్మి, లేని మేతకై మందను తోలినను, ఉన్న మేతను విడిచినను నష్టపోవువాడు కాపరియే.