కృష్ణగిరికి మిగిలిన రైలుబండి

కృష్ణగిరిలో రైలు స్టేషను లేదంటే నేటి పిల్లలకు వింత లేదు. ఒకప్పుడు ఉండేదంటేనే నమ్మరు. 1905లో తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి, 1906లో మొరప్పూరు నుండి ధర్మపురికి రెండున్నర అడుగుల సన్నపట్టాలు వేశారు. ఆ రెండవ దారి 1913లో మన హోసూరు దాకా వచ్చింది. యుద్ధకాలాన, 1941లో, రెండు దారులూ మూతపడ్డాయి. హోసూరుకు తరువాత వేరు దారిన బండి వచ్చింది. కృష్ణగిరికి రానేలేదు.

మా ఇంట మాత్రం ఒక బండి మిగిలింది. తాతగారు బెంగుళూరు దండులో కొని తెచ్చిన హార్న్‌బీ రేకు బొమ్మ అది. లివర్‌పూలులో ఫ్రాంక్ హార్న్‌బీగారి కంపెనీ 1920 నుండి ఇటువంటి కీ బండ్లు చేసేది. దాని పట్టాల నడుమ ఎడం 32 మిల్లీమీటర్లు. మన సన్నబండికి 762. అంటే సుమారు 24వ వంతు. చేసినవారు మన కృష్ణగిరిని తలచి చేయలేదు సుమా! అయినా తాతగారు ఆ లెక్క చెప్పి మురిసేవారు.

దానిని బాగుచేయబోయి మేము చేసిన పాడు అంతా ఇంతా కాదు. బిగిసిపోయిందని మొదట కొబ్బరినూనె పోశాం. హోసూరు మార్గశిరపు చలి సంగతి మీకు తెలియనిదా? నూనె పేరుకొని పళ్ళచక్రాలు అసలే కదలలేదు. మరొకసారి ఒక పెట్టెకు కొత్తరంగు వేయించాం. రేకుమీద అచ్చువేసిన బంగారు గీతలు, అక్షరాలు దాని కింద మాయమైనాయి. నూనెను కడిగివేయవచ్చు, ఆ గీతలు తిరిగి రాలేదు.

తరువాత నేర్చుకున్నది చాలా తక్కువ పని. యంత్రాన్ని పైరేకు నుండి వేరుచేసి, కిరసనాయిలులో ముంచిన మెత్తని కుంచెతో పాత జిడ్డు తీయాలి. బాగా ఆరిన తరువాత ఇరుసు చివర ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె, సూదిమొనతో. కిరసనాయిలు రంగును తాకరాదు. కీ పూర్తిగా వదిలిన తరువాతనే మరలు విప్పాలి. చుట్టుకొని ఉన్న స్ప్రింగు ఒక్కసారి విడిందంటే వేళ్ళు తెగుతాయి. ఊడిన అతుకుకు మాటు పెట్టించబోతే ఆ వేడికి చుట్టూ రంగు మాడుతుంది గనుక, కదలని చోటైతే మేము అలాగే వదిలేశాం. పాతరంగులో సీసం ఉండవచ్చు. పసిపిల్లల నోటికి అందనివ్వకండి.

చక్రాల జబ్బుకు మాత్రం మందు లేదు. ఆనాటి జస్తపు పోతలో కొంచెం సీసం కలిసినా ఏళ్ళ తరబడి లోహం ఉబ్బి, పగిలి, పొడి అవుతుంది. మా బండి చక్రాలు రెండు అలా బీటలిచ్చాయి. మార్చితే తాతగారి బండి కాదని ఇంట ఒక పక్షం. నడవని రైలు రైలేమిటని మరో పక్షం. నెల రోజుల వాదం తరువాత కొత్త చక్రాలు తెప్పించి వేశాం. పాతవి కుంకుమభరిణెలో పత్తి పరచి, పేరు రాసి దాచాం.

సంక్రాంతినాడు హాలులో పట్టాలు పరుస్తాం. కీ సగమే ఇస్తాం. బండి రెండు చుట్లు తిరుగుతుంది. రంగు పోయిన పెట్టెను కూడా చివర తగిలిస్తాం. కుర్చీకాలి దగ్గర ఆగిందంటే, మా ఇంటి చిన్నది, ఎన్నడూ ఆ దారి చూడనిది, "తిరుపత్తూరు, తిరుపత్తూరు!" అని కేకవేస్తుంది.