లావెక్కిన పిక్కలు, తరిగిన కండరం: డుషేన్ వ్యాధిలో అల్ట్రాసౌండ్ పరీక్ష

కండరాల నష్టాన్ని తెలుగువారు ప్రధానంగా పరిమాణాన్ని బట్టి చెబుతారు. 'చిక్కిపోయాడు', 'కండ కరిగింది', 'ఎముకల గూడయ్యాడు' అన్న వాడుకలన్నింటి వెనుక ఉన్న భావన ఒక్కటే: క్షీణించింది సన్నబడుతుంది. డుషేన్ కండరాల క్షీణత అనే అరుదైన జన్యువ్యాధి ఈ అంచనాను తలకిందులు చేస్తుంది. ఇందులో బాలుని తొడలు బలహీనపడుతుండగానే పిక్కలు లావెక్కుతాయి. ఆ లావులో చేరేది కొవ్వు, నారకణజాలం. పిల్లవాని పిక్కలు గట్టిగా ఉన్నాయని ఇంట్లో సంతోషించే దశలోనే లోపల కండరం తరిగిపోతూ ఉండవచ్చు. ఈ నష్టాన్ని అల్ట్రాసౌండ్ ఎలా చూపుతుందో, ఏది చూపలేదో కర్నూలు, కడప ప్రాంతాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

సుమారు 3,500 నుంచి 5,000 మగశిశు జననాలకు ఒకరిలో ఈ వ్యాధి కనిపిస్తుంది. సంకోచించేటప్పుడు కండరకణపు పొరను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారు కాకపోవడం దీనికి కారణం. తరచు పడిపోవడం, మెట్లెక్కలేకపోవడం, నేలమీద నుంచి లేచేటప్పుడు తన తొడలనే చేతులతో ఊతంగా పట్టుకోవడం తొలి లక్షణాలు.

మన ప్రాంతంలో 'స్కానింగ్' అనగానే గర్భిణుల పరీక్షే గుర్తుకు వస్తుంది. లింగ నిర్ధారణ నేరమని తెలిపే బోర్డు వేలాడే ఆ గదిలోని యంత్రమే, చర్మానికి దగ్గరి భాగాలను చూసే ప్రోబ్ ఉంటే, కండరాన్నీ చూపగలదు. మనిషి చెవికి అందని, 20,000 హెర్ట్జ్‌కు మించిన ధ్వనులను మన పాఠ్యపుస్తకాలు అతిధ్వనులు అన్నాయి. ఇవి శరీరంలోకి వెళ్లి, కణజాలం మారిన చోటల్లా కొంత వెనక్కి వస్తాయి. ఆరోగ్యవంతమైన కండరం తెరపై దాదాపు నల్లగా, మధ్య మధ్య సన్నని తెల్లగీతలతో కనిపిస్తుంది. ఆ గీతలు కండరపు కట్టలను చుట్టిన పొరలు. అడుగున ఎముక ఉపరితలం మెరిసే రేఖలా ఉంటుంది. కొవ్వు, నార చేరినకొద్దీ ధ్వని అనేకచోట్ల చెదిరి తిరిగివస్తుంది. నలుపు బూడిదరంగుగా, ఆపై తెలుపుగా మారుతుంది. ధ్వని పైననే ఖర్చయిపోవడంతో ఎముక రేఖ మసకబారుతుంది. లండన్‌కు చెందిన హెక్‌మాట్, డుబోవిట్జ్ బృందం 1982లో ప్రకటించిన నాలుగు మెట్ల కొలమానానికి ఆధారం ఇదే. మొదటి మెట్టు సహజ స్థితి. రెండవదానిలో కండరం తెల్లబడినా ఎముక స్పష్టంగా ఉంటుంది, మూడవదానిలో ఎముక మసకవుతుంది, నాలుగవదానిలో కనిపించదు. పిక్క ఎంత లావుగా ఉన్నదన్నది ఇందులో లెక్కకు రాదు.

ఎమ్మారై లోతైన కండరాలను ఇంతకన్న బాగా చూపుతుంది. అయితే నాలుగేళ్ల పిల్లవాడు దానిలో కదలకుండా పడుకోవాలి. కొన్నిసార్లు మత్తు తప్పదు. అల్ట్రాసౌండ్‌కు తల్లి ఒడి చాలు.

తెలుపును చూసి వ్యాధి పేరు చెప్పడం మాత్రం సాధ్యం కాదు. స్పైనల్ మస్కులర్ అట్రోఫీలోనూ కండరం తెల్లబడుతుంది. ఈ తేడా రాయలసీమలో వైద్యానికే పరిమితం కాదు. ఇక్కడ జన్యువ్యాధి అనగానే మేనరికాన్ని తప్పుపట్టడం తేలిక. స్పైనల్ మస్కులర్ అట్రోఫీ విషయంలో అందుకు కొంత ఆధారం ఉంది: సాధారణంగా తల్లిదండ్రులిద్దరూ లోపభూయిష్ట జన్యువుకు వాహకులైతేనే బిడ్డకు వ్యాధి వస్తుంది, దగ్గరి సంబంధాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. డుషేన్‌కు అది వర్తించదు. ఆ లోపం ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. తల్లి నుంచి సంక్రమిస్తుంది, లేదా దాదాపు మూడింట ఒకవంతు బాలురలో కొత్తగా తలెత్తుతుంది. కనుక తండ్రి మేనమామ అయినా, పరాయివాడైనా ఫలితం మారదు. తల్లిని నిందించడానికీ ఇందులో ఏమీ లేదు. బాలుని అక్కచెల్లెళ్లు, పిన్నమ్మలు వాహకులా కాదా అన్నది వారి పెళ్లి, సంతాన నిర్ణయాలకు అవసరమైన ప్రశ్న. దానికి సమాధానం జన్యుపరీక్షలో ఉంది.

వ్యాధి నిర్ధారణ అయ్యాక అల్ట్రాసౌండ్ ప్రయోజనం పెరుగుతుంది. ఆరు నెలలకో ఏడాదికో అదే కండరాన్ని మళ్లీ చూసి మార్పును అంచనా వేయవచ్చు. ఇక్కడొక చిక్కు ఉంది. యంత్రంలో గెయిన్ పెంచితే మంచి కండరమూ తెల్లగా కనిపిస్తుంది. ప్రోబ్ కొద్దిగా వాలినా అదే కండరం నల్లబడుతుంది. ఒకసారి కర్నూలులో, మరొకసారి హైదరాబాదులో తీసిన చిత్రాలను పక్కపక్కన పెట్టి రోగం ముదిరిందనో తగ్గిందనో చెప్పడం సరికాదు. ఏ యంత్రం, ఎంత గెయిన్, ఎంత లోతు, మోకాలి నుంచి ఎంత దూరంలో ప్రోబ్ పెట్టారన్న వివరాలు రిపోర్టులో రాయించుకుంటే, రెండవ వైద్యుడు అదే తీరులో పరీక్షను తిరిగి చేయగలుగుతాడు.